లిఫాఫాలో ఎన్ని గోటీలున్నాయి?

(సొసైటీ వార్షిక సమావేశం, ధారూర్: ప్రసంగ పాఠం)





ప్రత్యేక అవసరాలు గల పిల్లల చదువు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను లెక్కల పంతులును కాబట్టి బీజగణితం గురించే చెబుతాను. నవ్వకండి. "ఆ పిల్లలకు బీజగణితం ఎందుకు సార్?" అని మీలో కొందరికి అనిపిస్తోందని నాకు తెలుసు. చాలా ఏళ్లు నేనూ అదే అనుకున్నాను. తరగతిలో చూపు లేని పిల్లవాడో, నెమ్మదిగా గ్రహించే అమ్మాయో ఉంటే, బోర్డు మీద ఎక్స్ రాసే రోజున "నువ్వు ఈ పాఠం వదిలేయమ్మా, పర్వాలేదు" అనేవాణ్ణి. దయ చూపిస్తున్నానని నా నమ్మకం. ఆ పిల్లకు రావలసిన హక్కును నా చేత్తోనే తీసేస్తున్నానని అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

సూరె అబస ఏ సందర్భంలో అవతరించిందో మీకు తెలుసు. అబ్దుల్లాహ్ ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ (రజి) గారికి చూపు లేదు. ఆయన దైవప్రవక్త (స) దగ్గరికి సహాయం అడగడానికి రాలేదు, నేర్చుకోవడానికి వచ్చారు. మనం ఇలాంటి పిల్లల ఇళ్లకు బియ్యం పంపుతాం, బట్టలు పంపుతాం, మూడు చక్రాల బండి ఇస్తాం. అల్లాహ్ స్వీకరించుగాక. కానీ నేర్చుకుంటానని వచ్చిన పిల్లకు బియ్యం ఒక్కటే ఇచ్చి పంపితే ఎలా?

బీజగణితం మనకు పరాయి విద్య కాదు. మన తాతల కాలంలో ఉర్దూలో దాన్ని జబ్ర్ ఒ ముఖాబలా అనేవారు. తొమ్మిదో శతాబ్దపు తొలి భాగంలో, ఖలీఫా మామూన్ కాలంలో, బగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ రాసిన పుస్తకం నుంచి వచ్చిన పేరు అది. జబ్ర్ అంటే విరిగినదాన్ని తిరిగి సరిచేయడం. విరిగిన ఎముకను కట్టుకట్టి నిలబెట్టడానికీ అదే మాట. ముఖాబలా అంటే రెండు వైపులనూ ఎదురెదురుగా పెట్టి సరిచూడటం. ఆ పుస్తకం చివరి భాగంలో చాలా పేజీలు వసియ్యత్, వారసత్వ వాటాల లెక్కలే.

ఆ వాటాల దగ్గరే ఒక్క నిమిషం ఆగుతాను. తండ్రి పోయారు. తల్లి అంతకు ముందే పోయింది. ఇతర వారసులెవరూ లేరు. అప్పులూ వసియ్యతూ తీరాక ఎనభై వేల రూపాయలు మిగిలాయి. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. కూతురికి ఒక వాటా, ఒక్కో కొడుకుకు రెండేసి వాటాలు. మొత్తం ఐదు వాటాలు. ఒక వాటా పదహారు వేలు. కూతురికి 16,000, ఒక్కో కొడుక్కి 32,000. ఇప్పుడు ఆ కూతురికి మాటలు రావనుకోండి, లేదా చిన్న కొడుకు బుద్ధి మాంద్యం ఉన్నవాడనుకోండి. షరీఅత్ వాళ్ల వాటా ఒక్క పైసా తగ్గించలేదు. తగ్గించేది మనుషులు. "వాడికేం తెలుసు, మేమే చూసుకుంటున్నాం కదా" అనేస్తారు. ఐదు లిఫాఫాలు సమానంగా ఉండాలని తెలిసిన పిల్లవాడు, నోటితో చెప్పలేకపోయినా, వేలు పెట్టి చూపిస్తాడు. వాడికి బీజగణితం ఎందుకో దీనికంటే వేరే జవాబు నా దగ్గర లేదు.

ఇక ఎలా నేర్పాలో చెబుతాను. ఆరో తరగతిలో అగ్గిపుల్లలతో ఆకారాలు పేర్చి మొదలుపెడతారు, అది బాగుంది. ఆ తర్వాత "చరరాశి" అనే మాట వస్తుంది. మన ఇళ్లలో దక్కనీ, బడిలో తెలుగు, పుస్తకంలో సంస్కృతం. మామూలు పిల్లలే తడబడతారు. అందుకే నేను ఆ మాటను పక్కన పెట్టి లిఫాఫా అంటాను. అంటించిన లిఫాఫా. లోపల ఎన్ని గోటీలున్నాయో తెలియదు, కానీ అన్నిట్లోనూ సమానంగానే ఉన్నాయి. అదే ఎక్స్.

ఒక తరాజు కావాలి. ఎడమ పళ్లెంలో రెండు లిఫాఫాలు, పక్కన విడిగా మూడు గోటీలు. కుడి పళ్లెంలో పదకొండు గోటీలు. ముల్లు మధ్యలో నిలబడాలి. ఇక్కడొక చిక్కుంది: లిఫాఫాలకూ బరువుంటుంది కాబట్టి కుడి వైపున రెండు ఖాళీ లిఫాఫాలు పెట్టాలి. మొదటిసారి నేను మరిచిపోయాను, తరాజు ఒకవైపు వాలింది, ఎందుకో ఒక పిల్లవాడే చెప్పాడు. ఇప్పుడు ఎడమ నుంచి మూడు గోటీలు తీయమనండి. వాలిపోతుంది. కుడి నుంచి కూడా మూడు తీస్తే మళ్లీ నిలబడుతుంది. ఇదే ముఖాబలా. మిగిలిన ఎనిమిదిని రెండు లిఫాఫాలకు పంచితే ఒక్కోదానికి నాలుగు. అప్పుడు లిఫాఫా చించి లెక్కపెట్టనివ్వాలి. ఆ చించే క్షణం కోసం పిల్లలు ఎంతసేపైనా కూర్చుంటారు. చింతగింజలు మాత్రం వాడకండి, ఒక్కో గింజ ఒక్కో బరువు, తరాజు అబద్ధం చెబుతుంది. రూపాయి బిళ్లలైతే పాతవీ కొత్తవీ కలపకండి.

చూపు లేని పిల్లలు రెండు పళ్లేల కింద అరచేతులు పెట్టి ఏది వాలిందో తెలుసుకుంటారు. వినికిడి లేని పిల్లలకు కష్టం లెక్కలో ఉండదు, "రాము దగ్గర సలీం కంటే మూడు ఎక్కువ" అనే వాక్యంలో ఉంటుంది. ఇద్దరు పిల్లల్ని నిలబెట్టి ఆ వాక్యాన్ని నటింపజేయాలి, ఆ తర్వాతే కాగితం. నెమ్మదిగా నేర్చుకునే పిల్లలకు ఒకే లెక్క, ఒకే పద్ధతి, రోజూ. అంకెలు మార్చండి, పద్ధతి మార్చకండి. వాళ్లు వారమంతా చేసినదే చేస్తే మనకు విసుగు గానీ వాళ్లకు కాదు.

ఇంకొకటి మన తాండూరు వాళ్లకు మాత్రమే చేతికందేది. పాలిష్ బండల యూనిట్ల దగ్గర ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. ఒక వైపు నున్నగా, మరో వైపు గరుకుగా ఉండే ముక్కలు ఏరండి. నున్నటిది ధనం, గరుకుది రుణం. ఒక నున్నటి ముక్క, ఒక గరుకు ముక్క కలిస్తే సున్నా, రెండూ తీసేయాలి. కళ్లతో పని లేదు, వేళ్లకు తెలిసిపోతుంది. చేతులు వణికే పిల్లల దగ్గర అట్టముక్కలు జారిపోతాయి, బండ జారదు. అంచులు మాత్రం నూరించి ఇవ్వాలి, లేదంటే వేళ్లు కోసుకుంటాయి.

"ఇవన్నీ నేర్చి ఏం చేస్తారు" అనేవారికి శ్రీకాంత్ బొల్లా పేరు చెబుతాను. మచిలీపట్నం దగ్గరి పల్లెటూళ్లో పుట్టుకతోనే చూపు లేకుండా పుట్టి, హైదరాబాద్‌లో అంధుల బడిలో చదివారు. పదో తరగతి తర్వాత సైన్స్, లెక్కలు తీసుకోవడానికి నిబంధనలు ఒప్పుకోకపోతే న్యాయపోరాటం చేసి సాధించుకున్నారు. తర్వాత అమెరికాలో ఎంఐటీలో చదివారు. తిరిగి వచ్చి 2012లో కంపెనీ పెట్టారు. అందరూ అలా అవుతారని నేను అనను. తలుపు మూసింది చూపు కాదు, నిబంధన అని మాత్రం చెబుతున్నాను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల వరకు ఉచిత విద్య హక్కునిచ్చింది, పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి సదుపాయం గురించీ చెప్పింది. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. తల్లిదండ్రులను అక్కడికి తీసుకెళ్లే మనిషి మన సొసైటీ నుంచి ఉంటే అది కూడా సేవే.

డబ్బు సంగతి. ఒక పెట్టె సామానుకు పెద్ద ఖర్చేమీ కాదు: తరాజు, గోటీలు, లిఫాఫాలు, రెండు డజన్ల బండముక్కలు. జకాత్ సొమ్ము దీనికి వాడవచ్చా అన్నది ఉలమాలను అడగండి, నేను లెక్కల పంతులును. సదఖా అయితే అడగక్కర్లేదు. కష్టమంతా మనిషి దొరకడంలోనే ఉంది. ఆదివారం అసర్ తర్వాత ఒక గంట, పిల్లవాడి పక్కన కూర్చుని, జవాబు తానే చెప్పేయకుండా ఊరుకోగలిగిన మనిషి కావాలి. ఇంటర్ చదివిన మన ఆడపిల్లలు ఇళ్లలో ఉన్నారు, వాళ్లు నాకంటే బాగా చేస్తారు.

అంగళ్లలో ఇప్పుడు కరెంటు కాంటాలు వచ్చాయి కాబట్టి పాత తరాజులు అటకల మీద పడి ఉంటాయి. ఉన్నవాళ్లు తెచ్చి కార్యదర్శి గారికి ఇవ్వండి. రెండు పళ్లేల గొలుసులు సమానంగా ఉన్నాయో లేదో చూసి మరీ తెండి. కూర్చోగలిగినవాళ్లు బయటికి వెళ్లే ముందు పేరు రాయించండి.