ఆదివారపు రెఫరీ

ఈ వారము మన ధ్యానమునకు ఆధారముగా మార్కు సువార్త 2వ అధ్యాయము, 23 నుండి 28 వరకు గల వచనములు తీసుకొందాము. బైబిలు దగ్గర ఉన్నవారు తెరచి ఉంచుకోండి. ముందుగా నా తప్పు ఒకటి మీతో ఒప్పుకొని, తరువాత ఆ భాగములోనికి వెళ్తాను.

సెమినరీ ముగించుకొని మొదటి సంఘమునకు వెళ్ళిన కొత్తలో జరిగిన సంగతి ఇది. ఒక ఆదివారము సాయంకాలము గుడి ఆవరణలో కుర్రవాళ్ళు ఎనిమిది మంది నెట్టు కట్టుకొని వాలీబాల్ ఆడుతున్నారు. నేను బయటకు వచ్చి, "ప్రభువు దినమున, దేవుని మందిరము ముందు ఆటలా?" అని గద్దించాను. వాళ్ళు ఎదురు చెప్పలేదు. నెట్టు విప్పుకొని వెళ్ళిపోయారు. తరువాతి ఆదివారము ఆ ఎనిమిది మందిలో ఇద్దరే ఆరాధనకు వచ్చారు. ఆ పై వారము వాళ్ళూ రాలేదు. ఒక తల్లి నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, మీ గుడి దగ్గర ఆడుకున్నన్నాళ్ళూ మా వాడు బెల్టు షాపు వైపు పోలేదండీ" అన్నది. అంతకంటే ఏమీ అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ దినములలో సండే స్కూలు పిల్లలకు నేను ఎంతో ఇష్టముగా చెప్పే కథ ఒకటి ఉండేది. స్కాట్లాండుకు చెందిన పరుగువీరుడు ఎరిక్ లిడెల్ కథ. మీలో అనేకులు విని ఉంటారు. 1924లో పారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల పరుగుకు ప్రాథమిక పోటీలు ఆదివారము వచ్చాయి. ప్రభువు దినమున నేను పరుగెత్తనని ఆయన ఆ పందెము విడిచిపెట్టారు. 1981లో వచ్చిన 'చారియట్స్ ఆఫ్ ఫైర్' సినిమాలో ఈ సంగతి ఓడ ఎక్కేటప్పుడు తెలిసినట్టు చూపించారు గాని, నిజానికి ఆయనకు కొన్ని నెలల ముందే తెలుసు. విమర్శలు వచ్చినా చలించలేదు. నాలుగు వందల మీటర్లకు సిద్ధపడి, జూలై 11న 47.6 సెకండ్లలో పరుగెత్తి బంగారు పతకము గెలుచుకొన్నారు. నేను కథ ఇక్కడ ఆపి, "చూశారా పిల్లలూ, ఆదివారమును ఘనపరచినవానిని దేవుడు ఘనపరిచాడు" అని ముగించేవాడిని.

ప్రియులారా, నేను సగము కథే చెప్పేవాడిని. ఆ తల్లి మాట విన్న తరువాత మిగిలిన సగము వెదకి చదువుకొన్నాను.

పతకము వచ్చిన మరుసటి సంవత్సరమే, 1925లో, ఎరిక్ చైనాకు వెళ్ళిపోయారు. ఆయన పుట్టింది కూడా అక్కడే, 1902లో తియెంత్సిన్ పట్టణములో. దానిని ఇప్పుడు తియాంజిన్ అంటారు. తల్లిదండ్రులు లండన్ మిషనరీ సొసైటీ మిషనరీలు. ఆయన అక్కడి ఆంగ్లో చైనీస్ కళాశాలలో సైన్సు చెప్పుతూ, విద్యార్థులకు ఆటలు నేర్పించారు. 1932లో పాదిరిగా అభిషేకము పొందారు. తరువాత యుద్ధముతో నలిగిపోతున్న సియావోచాంగ్ అను గ్రామీణ ప్రాంతములో పరిచర్య చేశారు. 1941లో గర్భవతియైన భార్య ఫ్లోరెన్సును, ఇద్దరు కుమార్తెలను క్షేమము కొరకు కెనడాకు పంపించి, తాను ఉండిపోయారు. మూడవ కుమార్తెను ఆయన ఈ లోకములో చూడనే లేదు.

1943 మార్చిలో జపాను సైన్యము ఆయనను వైహ్సియెన్ నిర్బంధ శిబిరములో పెట్టింది. అది ఒకప్పుడు అమెరికను ప్రెస్బిటేరియన్ల మిషన్ కాంపౌండు. మన ఊళ్ళలో మిషన్ కాంపౌండు ఎరిగినవారు ఊహించుకోండి. ఆ ప్రహరీ లోపల పదిహేను వందల మందికి పైగా మనుషులు. వారిలో చీఫూ పాఠశాల పిల్లలు ఉన్నారు. మిషనరీల బిడ్డలు. తల్లిదండ్రులు ఎక్కడో దూరమున ఉండిపోగా, ఉపాధ్యాయులతో కూడ ఖైదులోనికి వచ్చినవారు. వారికి ఎరిక్ 'అంకుల్ ఎరిక్' అయ్యారు. లెక్కలు, సైన్సు చెప్పారు, బైబిలు తరగతి నడిపారు, ముసలివారికి బరువులు మోశారు. సాయంకాలము పిల్లలను పోగుచేసి ఆటలు ఆడించారు. హాకీ కర్రలు విరిగితే, దుప్పట్లు పేలికలుగా చింపి, జిగురు పెట్టి, చుట్టి బాగుచేసేవారు.

ఇంతకు ముందు ఆయన పరుగెత్తితే వేలమంది చప్పట్లు కొట్టారు, పత్రికలు వ్రాశాయి. ఇక్కడ పతకము లేదు, పత్రిక లేదు, తినడానికి చాలినంత లేదు. అయినా ఆట మీద ఆయన ప్రేమ ఇక్కడే మరల చిగిరించిందని నాకు అనిపిస్తుంది. తాను గెలిచే ఆటగా కాదు, దిగులుపడిన బిడ్డలు కొంచెముసేపు ఖైదును మరచిపోయే ఆటగా.

అయితే ఆదివారము మాత్రము ఆయన ఆటలు నడిపించలేదు. అది ఆయన జీవితమంతా పాటించిన నియమము. ఒక ఆదివారము పిల్లలు ఊరకుండలేక తామే హాకీ పెట్టుకొన్నారు. రెఫరీ లేడు. అది కొట్లాటతో ముగిసింది. తరువాతి ఆదివారము, ప్రియులారా, మైదానములో రెఫరీగా నిలబడినవాడు ఎరిక్ లిడెల్!

ఒలింపిక్ పతకము కొరకు ఆదివారము పరుగెత్తనివాడు, తల్లిదండ్రులు దగ్గర లేని బిడ్డలు ఒకరినొకరు కొట్టుకోకుండా ఆదివారము మైదానములోనికి దిగారు. ఇది చదివినప్పుడు పుస్తకము మూసి చాలాసేపు కూర్చున్నాను.

ఇప్పుడు మన వాక్యభాగము చూడండి. శిష్యులు పంటచేలలో నడుస్తూ వెన్నులు త్రుంచుకొంటున్నారు. పరిసయ్యులకు విశ్రాంతిదినపు నియమము కనబడింది. ప్రభువుకు శిష్యుల ఆకలి కనబడింది. దావీదు ఆకలిగొన్న దినమును ఆయన వారికి జ్ఞాపకము చేశారు. దేవుడు ఆ దినమును మనిషి మేలుకే ఇచ్చాడు గాని, మనిషిని దానికి బానిసగా చేయడానికి కాదని బోధించారు.

అలాగైతే 1924లో ఎరిక్ పొరపాటు పడ్డారా? లేదు. అప్పుడు నష్టపోయింది ఆయనే. దేవుని కొరకు తన పతకమును వదులుకోవడానికి సిద్ధపడ్డారు. శిబిరములోనూ నష్టపోయింది ఆయనే. పిల్లల కొరకు తన నియమమును, తన మంచి పేరును వదులుకొన్నారు. రెండు చోట్లా ఉన్నది ఒకే ప్రేమ. నేనైతే గుడి ఆవరణలో ఏమీ నష్టపోలేదు. నా నియమమునకు ఇతరుల బిడ్డలు వెల చెల్లించారు.

ఎరిక్ చివరి చలికాలములో స్టీఫెన్ మెట్‌కాఫ్ అను యువకునికి సరియైన చెప్పులు లేవు. ఎరిక్ తన పరుగు బూట్లు, దారముతో కుట్టి అతికించినవి, అతని చేతికిచ్చారు. శత్రువుల కొరకు ప్రార్థన చేయాలని అతనికి నేర్పింది కూడా ఆయనే. 1945 ఫిబ్రవరి 21న మెదడులో కణితితో ఎరిక్ ప్రభువు నందు నిద్రించారు. వయస్సు 43. ఆగస్టులో శిబిరమునకు విడుదల వచ్చింది. ఆ బూట్లు తొడిగిన యువకుడు తరువాత మిషనరీగా వెళ్ళినది ఏ దేశమునకో తెలుసా? తమను ఖైదు చేసిన జపానుకే!

ఈ మాటలు వింటున్న సహోదరుడా, సహోదరీ, పని కొరకు ఇల్లు విడిచి పరాయి దేశములో ఉన్నావేమో. ఒకప్పుడు నీవు ప్రేమించిన ఆట, పాట, చేతిపని ఇక్కడ ఎవరికి కావాలి అని మూలన పెట్టేశావేమో. నీ ప్రక్క గదిలో దిగులుపడినవాడు ఒకడు ఉన్నాడు. దానిని వాని కొరకు బయటకు తీయి. దేవుడు దానిని నీకు క్రొత్తగా తిరిగి ఇస్తాడు.

సంఘపు పెద్దలారా, మీతో ఒక్క మాట. నేను ఆ ఎనిమిది మంది ఇళ్ళకూ వెళ్ళి క్షమాపణ అడిగాను. నా డబ్బుతో నెట్టు కొని, ఆరాధన అయిన తరువాత సాయంకాలము నేనే కట్టాను. నలుగురు వచ్చారు. ఆ తల్లి కుమారుడు రాలేదు. అతని కొరకు ఈనాటికీ ప్రార్థిస్తున్నాను.

ప్రార్థన చేసుకొందాము. ప్రభువా, నీ దినమును ప్రేమించే మా హృదయములలో నీ బిడ్డల మీద కూడ ప్రేమ నింపుము. మా కఠినత్వము వలన దూరమైనవారిని నీవే వెదకి తీసుకొని రమ్ము. యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.