కశ్మీర్ చలికి లారీ డీజిల్‌లో ఏం పోయాలి? ఇంజన్ ఆయిల్‌లో ఏం పోయకూడదు?

డిసెంబర్ వస్తే చాలు, నాకొచ్చే ఫోన్లలో సగం ఇదే ప్రశ్న. "అన్నా, శ్రీనగర్ లోడ్ తగిలింది, డీజిల్‌లో ఏ యాడిటివ్ పోయాలి? ఆయిల్‌లో ఏదన్నా కలపాలా?" ఇవాళ మొత్తం దాని గురించే మాట్లాడుకుందాం. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు ఒక మాట. మన హైదరాబాద్ మీదుగా పోయే ఎన్‌హెచ్ 44 ఉంది కదా, అదే రోడ్డు శ్రీనగర్ దాకా పోతుంది. ఇక్కడ ఏసీ వేసుకుని బయల్దేరిన బండి నాలుగైదు రోజుల్లో మైనస్‌లోకి వెళ్తుంది. డ్రైవర్ స్వెటర్ కొనుక్కుంటాడు, రగ్గు కొనుక్కుంటాడు. ట్యాంకులో డీజిల్ మాత్రం మన ఊరిదే. అసలు గొడవంతా అక్కడే.

డీజిల్‌లో సహజంగానే మైనం ఉంటుంది. చలికాలం పొద్దున్నే కొబ్బరినూనె సీసా ఎలా పేరుకుంటుందో చూశారు కదా, అలాంటిదే. చలి పెరిగేకొద్దీ ముందు డీజిల్ మసకబారుతుంది. అంటే సన్నటి మైనం పలుకులు తేలడం మొదలైందన్నమాట. ఇంకా చల్లబడితే ఆ పలుకులు ఒకదానికొకటి అతుక్కుని ఫిల్టర్‌ని మూసేస్తాయి. ఇంకా చల్లబడితే డీజిల్ మొత్తం జావలా అయిపోతుంది. చాలామంది అనుకునేది, డీజిల్ గడ్డకడితేనే బండి ఆగుతుందని. కాదు. ట్యాంకులో డీజిల్ ఇంకా పారుతూనే ఉంటుంది, ఫిల్టర్ మాత్రం మూసుకుపోతుంది. అందుకే బండి స్టార్ట్ అవుతుంది, ఒక కిలోమీటరో రెండు కిలోమీటర్లో పోతుంది, పికప్ పడిపోతుంది, ఆగిపోతుంది. ఫిల్టర్‌లో ఉన్న డీజిల్ అయ్యేదాకా నడిచింది, అంతే.

ఇప్పుడు ఒక లెక్క చెప్తాను, ఇది గుర్తుపెట్టుకోండి. మన దేశంలో డీజిల్‌కి బీఐఎస్ వాళ్ల స్టాండర్డ్ ఐఎస్ 1460. దాంట్లో "ఫిల్టర్ ఎంత చలికి మూసుకుపోవచ్చు" అనేదానికి ఒక హద్దు ఉంది, సీఎఫ్‌పీపీ అంటారు. ఎండాకాలం హద్దు 18 డిగ్రీలు, చలికాలం 6 డిగ్రీలు. చలికాలం అంటే వాళ్ల లెక్కలో నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. మైనస్ 6 కాదు, ప్లస్ 6. అంటే మన బంకులో కొట్టించిన డీజిల్ 5 డిగ్రీల దగ్గర ఫిల్టర్‌ని మూసేసినా, స్టాండర్డ్ ప్రకారం అది మంచి డీజిలే. కొన్ని బ్యాచ్‌లు ఇంకా తక్కువ చలిని తట్టుకుంటాయి, అది మన అదృష్టం, దాని మీద లోడ్ కట్టుకుని వెళ్లలేం. కశ్మీర్‌లో డిసెంబర్ 21 నుంచి 40 రోజులు చిల్లై కలాన్ అంటారు, గట్టి చలి. శ్రీనగర్‌లో రాత్రుళ్లు మైనస్ 5 మామూలు. ద్రాస్ వైపు అయితే మైనస్ 20 కూడా మామూలే.

కాబట్టి మొదటి మందు డబ్బాలో దొరకదు తమ్ముళ్లూ, బంకులో దొరుకుతుంది. లద్దాఖ్‌లో ఇండియన్ ఆయిల్ వాళ్లు 2019 నవంబర్‌లో వింటర్ గ్రేడ్ డీజిల్ తెచ్చారు. పానిపట్ రిఫైనరీలో తయారైంది, మైనస్ 33 దాకా పారుతుందని చెప్పారు. లేహ్ వైపు వెళ్లేవాళ్లు పేరు పెట్టి అడిగి అదే కొట్టించండి. అక్కడికి మన డీజిల్‌తో ఫుల్ ట్యాంక్ పెట్టుకుని వెళ్లడం తెలివి కాదు. "అన్నా, నాగపూర్‌లో రేటు తక్కువని ఫుల్ కొట్టించా" అంటారు. లీటరుకి రెండు రూపాయలు మిగిలి ఉండొచ్చు, నిజమే. కానీ చలి ఊళ్లోకి ట్యాంకు తక్కువతో దిగి, సాయంత్రం బండి నిలిపే ముందు అక్కడి డీజిల్‌తో నింపుకోవాలి. సగం ఖాళీ ట్యాంకుతో రాత్రంతా నిలిపితే లోపల గాలి చెమ్మ కారి నీళ్లవుతుంది. ఆ నీళ్లు మంచుగడ్డ అయితే పైపు మూసుకుంటుంది, మైనం సంగతి తర్వాత. వాటర్ సెపరేటర్ కూడా సాయంత్రం బండి వేడిగా ఉన్నప్పుడే డ్రైన్ చేయండి. పొద్దున చేద్దామంటే నీళ్లు గడ్డకట్టి బయటికి రావు.

ఇక యాడిటివ్. మనకి కావలసింది ఒకటే రకం. యాంటీ జెల్ అంటారు, కోల్డ్ ఫ్లో ఇంప్రూవర్ అని కూడా రాస్తారు. ఇది మైనాన్ని మాయం చేయదు. పలుకులు పెద్దవి కాకుండా, ఒకదానికొకటి అతుక్కోకుండా చూస్తుంది. చిన్నవిగా ఉంటే ఫిల్టర్ గుండా పోతాయి. అందుకే ఒక ముఖ్యమైన సంగతి: డీజిల్ మసకబారకముందే ఇది కలవాలి. ఒకసారి మైనం పేరుకున్నాక పైనుంచి ఎంత పోసినా పని చేయదు. జమ్మూ, ఉధంపూర్ దాటకముందే, డీజిల్ వెచ్చగా ఉన్నప్పుడే పోయండి. ముందు యాడిటివ్ పోసి, దాని మీద డీజిల్ కొట్టించండి, ఆ ధారకి బాగా కలుస్తుంది. కొలత సీసా మీద ఎంత రాస్తే అంతే. 1:1000 అని ఉంటే 350 లీటర్లకి 350 మిల్లీలీటర్లు. రెండింతలు పోస్తే రెండింతల చలి తట్టుకోదు, డబ్బులు దండగ.

సీసా కొనేటప్పుడు మూడు మాటలు వెతకండి. ఫిల్టర్ మూసుకునే ఉష్ణోగ్రతను ఎంత తగ్గిస్తుందో డిగ్రీల్లో రాశాడా? అల్ట్రా లో సల్ఫర్ డీజిల్‌కి పనికొస్తుందని రాశాడా? డీపీఎఫ్ ఉన్న బండికి సేఫ్ అని రాశాడా? ఇవి లేకుండా "మైలేజ్ పెంచును, పొగ తగ్గించును, ఇంజన్ ఆయుష్షు పెంచును" అని మాత్రమే ఉంటే అది అక్కడే పెట్టేసి రండి. అన్ని రోగాలకీ ఒకే మందు అమ్మేవాణ్ణి సంతలో నమ్ముతామా?

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. మీరు ఫోన్‌లో అమెరికా వాళ్ల వీడియోలు చూస్తారు. వాళ్లు సీటేన్ బూస్టర్ పోయాలి, లూబ్రిసిటీ పెంచేది పోయాలి అంటారు. వాళ్ల దేశంలో అది కరెక్టే కావచ్చు. అక్కడ డీజిల్‌కి కనీస సీటేన్ 40. మన బీఎస్ 6 డీజిల్‌కి 51. లూబ్రిసిటీ హద్దు కూడా వాళ్లకన్నా మనదే గట్టిది. వాళ్ల లోటుకి వాళ్ల మందు, మనకి ఆ లోటు లేదు. పైగా వాళ్లకి చలికాలం కోసం బంకుల్లోనే నంబర్ వన్ డీజిల్ అని దొరుకుతుంది, కిరోసిన్ లాంటిదే, నంబర్ టూ డీజిల్‌లో కలిపి వాడతారు. ఇది చూసి మనవాళ్లు "చూశావా, అమెరికావోడే కిరోసిన్ కలుపుతున్నాడు" అంటారు.

ఆగండి, ఇది జాగ్రత్తగా వినండి. పాత రోజుల్లో మన పెద్ద డ్రైవర్లు కిరోసిన్ కలిపేవాళ్లు. ఆ పాత పంపులకి అది చెల్లింది. ఇప్పటి బండి వేరు. కామన్ రైల్ పంపు 1600 బార్ పైన ప్రెజర్‌తో పనిచేస్తుంది, దానికి గ్రీజూ ఆయిలూ అన్నీ ఆ డీజిలే. కిరోసిన్ పల్చన, పంపు రాసుకుని అరుగుతుంది. బీఎస్ 6 డీజిల్‌లో సల్ఫర్ 10 పీపీఎం మించకూడదు, బయట దొరికే కిరోసిన్‌లో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది, సైలెన్సర్ లైన్‌లో ఉండే డీపీఎఫ్, క్యాటలిస్ట్ రెండూ పాడవుతాయి. రేషన్ కిరోసిన్ అయితే కేసు కూడా. ఇక పెట్రోల్ కలపడం అయితే ఇంకా ఘోరం. కొంచెం కలిసినా ట్యాంకు లోపలి ఆవిరికి నిప్పు అంటుకునే గుణం వచ్చేస్తుంది. ఎవరు చెప్పినా వద్దు.

ఖాజీగుండ్ దగ్గర ఒకసారి రోడ్డు మూసేశారు. రాంబన్ వైపు కొండచరియలు పడ్డాయి, లారీలన్నీ వరసగా నిలబడ్డాయి. మూడో రోజు పొద్దున మన వైపు బండి ఒకటి స్టార్ట్ కాలేదు. డ్రైవర్‌కి పాతికేళ్లు కూడా ఉండవు. వెనక యాపిల్ లోడు. ఓనర్ ఫోన్ మీద ఫోన్. క్లీనర్ పిల్లాడు ఎక్కడినుంచో కట్టెపుల్లలు తెచ్చి ట్యాంకు కింద పేరుస్తున్నాడు. నేను వద్దనే లోపే పక్క బండి పంజాబీ డ్రైవర్ పరుగెత్తుకొచ్చి కాలితో తన్నేశాడు ఆ పుల్లల్ని. "ఎప్పుడూ ఇట్లనే చేస్తారంట గదా అన్నా" అన్నాడా కుర్రాడు నాతో. నిజమే, చేస్తారు. ఇప్పటికీ చేస్తున్నారు. కానీ ఇప్పటి బండికి ట్యాంకు పక్కనే ప్లాస్టిక్ పైపులు, వైరింగ్, సెన్సర్లు, యూరియా ట్యాంకు. డీజిల్ ఆవిరి ఎక్కడ లీకవుతుందో మనకి కనపడదు. లోడు పోతే ఇన్సూరెన్స్ వాడితో మాట్లాడొచ్చు, క్యాబిన్‌లో పడుకున్నవాడు పోతే ఎవరితో మాట్లాడతాం?

అప్పుడు ఏం చేశామో చెప్తాను. నా దగ్గర స్పేర్ ఫిల్టర్ ఉంది. పాతది విప్పితే లోపల వెన్న పూసినట్టు మైనం. దాబాలో నీళ్లు కాచి తెచ్చి, ఫిల్టర్ హౌసింగ్ చుట్టూ గుడ్డ చుట్టి దాని మీద మెల్లగా పోశాం. కరెంటు కనెక్టర్ల మీద పడకుండా చూసుకుని, తర్వాత పొడిగా తుడిచేశాం, లేకపోతే ఆ నీళ్లే గడ్డకడతాయి. కొత్త ఫిల్టర్ వేసి, హ్యాండ్ పంపుతో గాలి తీసి, ఎండ బాగా ఎక్కాక 11 గంటలకి సెల్ఫ్ కొడితే అందుకుంది. ఎండ కోసం ఆగడం కూడా ఒక పనే, అది ఊరికే కూర్చోవడం కాదు. అంతకుముందు అదే పనిగా సెల్ఫ్ కొట్టి బ్యాటరీ దించుకున్నవాళ్లు సాయంత్రం దాకా అక్కడే ఉన్నారు.

మీకు ఒక చిన్న చిట్కా. మీ ట్యాంకులోని డీజిల్, అంటే యాడిటివ్ కలిపినాకే, చిన్న గాజు సీసాలో పట్టి, మూత పెట్టి రాత్రి బండి బయట కట్టండి. పొద్దున లేచి సెల్ఫ్ కొట్టేముందు దాన్ని చూడండి. తేటగా ఉంటే కొట్టండి. అడుగున తెల్లగా పేరుకుని ఉంటే ఫిల్టర్ వేడి చేసుకున్నాకే కొట్టండి.

ఇంజన్ ఆయిల్ సంగతి త్వరగా అయిపోతుంది. ఏమీ కలపకండి. 15డబ్ల్యూ-40లో ఆ డబ్ల్యూ అంటే వింటర్. 15డబ్ల్యూ ఆయిల్‌ని మైనస్ 20 దగ్గర ఇంజన్ తిరుగుతుందా లేదా అని టెస్ట్ చేసే ఆ పేరిస్తారు. కాబట్టి శ్రీనగర్‌కి మీరు ఇక్కడ వాడే ఆయిల్ చాలు. ద్రాస్, లేహ్‌లలో చలికాలం అంతా తిరిగే బండి అయితే 10డబ్ల్యూ లేదా 5డబ్ల్యూ-40 సింథటిక్, అది కూడా మీ బండి మాన్యువల్‌లో రాసి ఉంటేనే. డబ్బాలో ఉన్న ఆయిల్‌లో కంపెనీ వాడే యాడిటివ్‌లు కలిపి కొలత కుదిర్చి పంపుతాడు. మీరు పైనుంచి ఇంకో సీసా పోస్తే ఆ కొలత చెడుతుంది, బూడిద ఎక్కువైతే డీపీఎఫ్ నిండుతుంది. చలికి ఆయిల్ చిక్కబడిందని అందులో డీజిల్ కలిపేవాళ్లు కూడా ఉన్నారు. బేరింగులు మార్పించే డబ్బు రెడీగా ఉంటే కలపండి.

నన్ను అడిగితే, యాడిటివ్ కన్నా ముందు రేడియేటర్ చూడమంటాను. మన ఎండల ఊళ్లలో చాలా బండ్లలో ఉండేది కూలెంట్ కాదు, బోరు నీళ్లు. మైనస్‌లో అవి గడ్డకట్టి పెరిగితే ఇంజన్ బ్లాకే పగులుతుంది. ఇక్కడే నీళ్లు మొత్తం దించి, సగం కూలెంట్ సగం డిస్టిల్డ్ వాటర్ పోయించండి, మైనస్ 30 కింద దాకా భయం లేదు.

యూరియా ట్యాంకు గురించి చాలామంది భయపడతారు, అంత భయం అక్కర్లేదు. డెఫ్ మైనస్ 11 దగ్గర గడ్డకడుతుంది, అది దాని సహజం. ఇంజన్ స్టార్ట్ అయ్యాక హీటర్ దాన్ని కరిగిస్తుంది. గడ్డకడితే పెరుగుతుంది కాబట్టి అంచు దాకా నింపకండి, అంతే. దాంట్లో మాత్రం యాంటీ జెల్ గానీ, స్పిరిట్ గానీ, వేడినీళ్లు గానీ పోయొద్దు.

బయల్దేరే ముందు క్యాబిన్‌లో ఉండాల్సినవి: డీజిల్ ఫిల్టర్లు రెండు, ఫిల్టర్ విప్పే బెల్ట్ రెంచ్, యాంటీ జెల్ రెండు ట్యాంకులకి సరిపడా, పాత గుడ్డలు, నీళ్లు కాచే గిన్నె. బ్యాటరీ మూడేళ్లు దాటితే ఇక్కడే చెక్ చేయించండి, చలిలో దాని బలం బాగా పడిపోతుంది.

వచ్చే ఎపిసోడ్‌లో టైర్లకి చైన్లు ఎలా కట్టాలో బండి దగ్గరే నిలబడి చూపిస్తాను. ఈ వారం జమ్మూ దాటేవాళ్లెవరైనా ఉంటే ఆ గాజు సీసా ఫోటో తీసి పంపండి, ఏ బంకులో కొట్టించారో కూడా రాయండి. ఉంటాను.