ఉన్మాదము - పరదేశవాసము



మన గ్రామములలో నెవనికైన మతి చలించినచో గాలి సోకినదందురు, లేదా చేతబడి యందురు. చరకసంహితలో ఉన్మాదము ఐదు విధములుగ జెప్పబడినది. అందు నాలుగు శరీరదోషములవలన గలుగునవే. మనవారు ఐదవదానిని మాత్రము పట్టుకొని తక్కిన నాలుగింటిని విడిచిపెట్టిరి.

ఈ వ్యాధి అన్ని జాతులవారియందును ఒకే తీరున నడచునా యనునది నేటి ప్రశ్న. ప్రపంచారోగ్యసంస్థవారు 1960 దశాబ్దపు చివర తొమ్మిది దేశములలో 1202 మంది రోగులను పరీక్షింపజేసిరి. మన దేశమున ఆగ్రాలో ఈ పని జరిగెను. వ్యాధిలక్షణము లంతటను ఇంచుమించు ఒక్కటియే. కాని కొన్నియేండ్ల పిమ్మట చూడగా, సంపన్నదేశములవారికంటె ఆగ్రావారును, నైజీరియాలోని ఇబాదానువారును బాగుగ కోలుకొనియుండిరి. ఇంటిల్లిపాదియు రోగిని విడువకుండుట, చేతనైన పని యేదో యొకటి దొరకుట కారణములని కొందఱనిరి. ఆ మాటను శంకించిన పండితులును గలరు.

2015లో వెలువడిన మఱియొక పరిశోధన నాకు మిక్కిలి వింతగొలిపినది. చెన్నపట్టణము, ఆఫ్రికాలోని అక్రా, అమెరికాలోని కాలిఫోర్నియా, ఈ మూడుచోట్ల ఇరువదేసిమంది రోగులను, చెవిలో మీకేమి వినబడునని యడిగిరి. అమెరికావారికి వినబడినవి ఎక్కువగ క్రూరమైన బెదిరింపులు. చెన్నపట్టణమువారిలో పెక్కుమందికి వినబడినవి బంధువుల గొంతులు. ఇంటిపని చేయుమని చెప్పునవి, మందలించునవి. రోగములో సైతము మనవానికి ఇల్లు వెంటనే యుండును!

మఱి ఇల్లు విడిచిన వాని గతి యేమి? కరీబియను దీవులనుండి ఇంగ్లండునకు వెళ్లిన నల్లజాతివారిలో ఈ వ్యాధి అచటి తెల్లవారిలోకంటె ఎన్నోరెట్లు అధికము. వారి సొంతదీవులలో అట్లు లేదు. కావున దోషమును రక్తముపై మోపుటకు వీలులేదు.

ఇంగ్లండుదాక పోనేల? పటాన్‌చెరు, పాశమైలారము, ఇస్నాపూరు ప్రాంతపు కర్మాగారములకు ఒడిశానుండియు, బీహారునుండియు యువకులు వచ్చి మన యిండ్లలో అద్దెకుందురు. గదులిచ్చిన పెద్దలు మీలోనే యుందురు. మా వీధిలో అట్టి ఒడియా యువకుడొకడు పది దినములు నిద్రమాని, తనలో తాను మాటలాడుచు, తుదకు బావికడ్డముగ కూర్చుండెను. వాని భాష మాకు రాదు. భూతవైద్యునికై ఒకడు పోయెను. త్రాటితో వేపచెట్టునకు కట్టిరి. నేనును చూచుచు నిలిచితినని చెప్పుటకు సిగ్గుపడుచున్నాను. 2001లో తమిళదేశమున ఏర్వాడిలో గొలుసులతో కట్టబడిన రోగులు ఇరువదియెనిమిదిమంది అగ్నికాహుతియైరి. రోగిని గొలుసులతో బంధించుటను 2017 నాటి చట్టము నిషేధించినది.

సాయంకాలమునకు వాని స్వగ్రామస్థుడొకడు వచ్చి, "తల్లి పిలుచుచున్నదట, బావిలోనుండి" అని మాకు తెలిపెను. అప్పుడు కట్లు విప్పి, హైదరాబాదు త్రోవలోనే యున్న ఎఱ్ఱగడ్డ ప్రభుత్వ వైద్యాలయమునకు తోడ్కొనిపోతిమి. ఇట్టివేళ 14416 సంఖ్యకు ఫోను చేసినచో ప్రభుత్వమువారు పెక్కు భాషలలో ఉచితముగ సలహా యిత్తురని అచట తెలిసినది. ఆ సంగతి ముందే యెఱిగియుండిన, ఆ త్రాటి పని యుండెడిది కాదు.

మందులు సాగినవి. తండ్రి ఒడిశానుండి వచ్చి ప్రక్కన కూర్చుండెను. మూడవ వారమున ఆ యువకుడు, తనకు రావలసిన జీతమెంతయో వ్రేళ్లపై లెక్కించి తండ్రికి చెప్పెను.