మిరపకాయ: ఎఱుపా, కారమా?

మాఘ ఫాల్గుణములు వచ్చుసరికి మా నందిగామ, జగ్గయ్యపేట మెట్టసీమలో ఏ ఊరి కల్లము చూచినను ఎఱ్ఱని మిరపపండ్లు పరచియుండును. ఒకప్పటి కృష్ణాజిల్లాలోని ఈ సీమ 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది గాని, రేగడియు మారలేదు, మిరపయు మారలేదు. ఏడాదికి సరిపడు కారము కొట్టించుకొను దినములు కూడ ఇవే. అందఱును "మంచి కాయ" కావలెనందురు. మంచి దేనికి? ఎఱుపునకా, కారమునకా?

ఈ రెండును వేఱు గుణములు. కారమునిచ్చు కేప్సైసిన్ కాయలోపల గింజలను పట్టుకొనియుండు తెల్లని పొరలో పుట్టును. గింజలకు కారము ఆ పొరనుండి అంటినదే. ఎఱుపునిచ్చు కేప్సాంతిన్ కాయ కండలోనిది. కన్నడసీమనుండి వచ్చు బ్యాడగి కాయను చూడుడు: ముడుతలు పడి, ముదురు ఎఱుపుతో కన్నులపండువుగా నుండును, నోటికి మాత్రము పరమసాధువు. ఓరుగల్లు చపాటయు ఆ కోవలోనిదే. తేజ సన్నగా, చిన్నదిగా నుండి నాలుకను మండించును. గుంటూరు సన్నము, లాం పరిశోధన కేంద్రమువారి 334 రకము నడిమిత్రోవవి.

ఐరోపాలో బీరు కాచువారికిని ఇట్టి చిక్కే కలదు. వారు చేదు కొఱకు ఒక రకపు హాప్ పూవులను మొదటనే వేసి కాచి, బొహీమియా సాజ్ వంటి పరిమళపు రకములను సాధారణముగా తుదిని చేర్తురు. మనము మాత్రము ఒక్క కాయయే అన్ని పనులు చేయవలెనని పట్టుపట్టుదుము!

నిత్యపు కూరలకు, పప్పుచారునకు 334 చాలును. చిక్కు ఆవకాయ దగ్గఱనే. తేజ ఒక్కటియే కొట్టించినచో మంటకు వెఱచి పొడి తగ్గింతుము. పొడి తగ్గిన ఊట పలుచబడి, జాడీ వెలవెలబోవును. అందుచే మేము సన్నము మూడు పాళ్లు, బ్యాడగి ఒక పాలు చొప్పున వేఱువేఱుగా కొట్టించి, రుచి చూచి కలుపుకొందుము. ఘాటు చాలనివారు పిడికెడు తేజ చేర్చుకొనవచ్చును.

పొడిగా కొనుట మాత్రము మాకు సమ్మతము కాదు. 2003లో మన దేశమునుండి పోయిన కారములో సూడాన్ అను విషపురంగు ఐరోపాలో బయటపడినది. పొడిలో కన్ను మోసపోవును. కాయలో మోసము కష్టము. కాయను చెవివద్ద ఊపిన గింజలు గలగలలాడవలెను. చెమ్మగిలిన కాయకు బూజు పట్టును. తొడిమలను కొట్టించుటకు ముందే తీయవలెను. కొట్టించిన కారము చల్లారిన పిదప జాడీకెత్తి, వెలుతురు తగులని చోట నుంచవలెను. వెలుతురునకు ముందుగా పోవునది ఎఱుపే.