బతికిన పశువు నష్టం ఏ పద్దులో?

గ్రామీణ ఆర్థిక వ్యవస్థపై పత్రాలు చదవడానికి వచ్చిన మీ ముందు ఒక్క విషయమే పెడతాను. పశువుల అంటురోగాల నష్టాన్ని మనం కళేబరాలు లెక్కపెట్టి తేలుస్తున్నాం. రైతును ఎక్కువగా దెబ్బతీస్తున్నది మాత్రం జబ్బుపడి బతికిన పశువు.

ఈ అలవాటు ముసర వ్యాధి కాలం నాటిదని నా అనుమానం. అది కొట్టాలకు కొట్టాలే ఖాళీ చేసేది. 1954లో జాతీయ నిర్మూలన పథకం మొదలైంది, దశాబ్దాల పాటు టీకాలు వేశారు. 2006లో మన దేశానికి ఆ రోగం నుంచి విముక్తి గుర్తింపు దక్కింది. 2011లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. రోగం పోయినా, దాన్ని కొలిచిన కొలబద్దను మనం వదల్లేదు.

గాలికుంటు తీరు వేరు. లేగదూడలు గుండె దెబ్బతిని పోతాయి గాని, పెద్ద పశువులు చాలావరకు తేరుకుంటాయి. నోట్లో పొక్కులు, గిట్టల సందున పుండ్లు, చొంగ, మేత ముట్టకపోవడం. పర్మాంగనేట్ నీళ్లతో నోరు కడుగుతూ, జావ పట్టిస్తూ పశువున్న ఇంటి ఆడమనిషి కూలికి కూడా వెళ్లలేదు. పూటకు నాలుగేసి లీటర్లిచ్చే గేదె రోజంతటికీ మూడు లీటర్లకు దిగిందనుకోండి. లీటరు యాభై చొప్పున రోజుకు 250 రూపాయలు, నెలకు 7,500 పోయినట్టు. దాణా ఖర్చు మాత్రం తగ్గదు. డ్వాక్రా కంతు ఆ పాల బిల్లులోంచే కట్టాలి. చూడి గేదె ఈసుకుపోతే మళ్లీ ఎదకొచ్చి, కట్టి, ఈనేదాకా ఏడాది దాటుతుంది. కొన్ని తేరుకున్నాకా ఎండకు రొప్పుతూనే ఉంటాయి. వాటిని సంతలో సగం ధరకు కూడా అడగరు. ఇక తొలకరిలో ఒక ఎద్దు కుంటితే దాని జత కూడా ఖాళీయే.

ఈ నష్టానికి పరిహారం ఎక్కడుంది? పశు బీమా ప్రధానంగా చావుకే. చెవిపోగు, పోస్టుమార్టం రిపోర్టు ఉంటేనే ఫైలు కదులుతుంది. 2001లో గాలికుంటు వచ్చినప్పుడు బ్రిటన్ 60 లక్షలకు పైగా జీవాలను చంపి, వాటి యజమానులకు పరిహారం చెల్లించింది. ఆ పద్ధతి మనకు తగదు, నేనూ కోరను. కానీ మన చూపు ఇంకా చావుల మీదే ఉంది. 2022లో రాజస్థాన్, గుజరాత్‌లలో లంపీ చర్మవ్యాధి విరుచుకుపడినప్పుడు కూడా వార్తల్లో నిలిచింది చనిపోయిన ఆవుల సంఖ్యే.

గాలికుంటు, బ్రుసెల్లోసిస్‌ల అదుపునకు కేంద్రం 2019లో 13 వేల కోట్లకు పైగా కేటాయించి టీకాల కార్యక్రమం చేపట్టింది. మంచి పనే. అయినా సూది వేస్తే రెండు రోజులు పాలు తగ్గుతాయని పశువును చేనికి తోలేసే రైతులున్నారు. వాళ్లను మూఢులనడం తేలిక. రెండు రోజుల పాలు ఎంతో వాళ్లకు తెలుసు. రోగమొస్తే పోయే నెలల పాల లెక్క వాళ్ల ముందు పెట్టాల్సింది మనం. అది మన దగ్గరా సరిగా లేదు.

అందుకే యువ పరిశోధకులకు నా విన్నపం. గాలికుంటు సోకిన ఊరికి వెళితే ఎన్ని చచ్చాయో అడిగి తిరిగి రాకండి. పాలకేంద్రం రిజిస్టరు తీయించండి. రోగానికి ముందు మూడు నెలలు, తర్వాత ఏడాది, ఇంటింటికీ పాలెన్నో రాసుకోండి. వచ్చే సదస్సుకు ఆ అంకెలతో రండి.