వాట్సాప్‌లో మన ప్రకటనలు



ఫోనులో సంఘం ప్రకటనలు తయారుచేయడం కొత్తగా నేర్చుకుంటున్నవారికి నాలుగు మాటలు చెబుతాను. లైఫ్ సర్టిఫికెట్ ప్రకటననే తీసుకుందాం. కేంద్ర ప్రభుత్వ పింఛనుదార్లు దానిని ఏటా నవంబరులో ఇవ్వాలి. 80 ఏళ్ళు నిండినవారు అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చు. ఇవ్వకపోతే పింఛను ఆగుతుంది. కనుక బొమ్మలో ముందు కంటబడవలసింది గడువు తేదీ. దేవుడి పటమూ కాదు, కార్యవర్గం ఫొటోలూ కాదు. (కొందరికి కోపం రావచ్చు!)

కాన్వాలో 1080 పిక్సెళ్ళ చదరం తీసుకోండి. తెలుపు మీద నలుపు అక్షరాలు వేయండి. పసుపు మీద తెలుపు వేస్తే శుక్లాలున్న కంటికి ఆనదు. ఫాంటు ‘మండలి’ చాలు. మన లిపిలో గుడులు పైకి లేస్తాయి, ఒత్తులు కిందికి దిగుతాయి. ఇంగ్లీషుకు సరిపోయే ఎడం మనకు చాలదు, వరుసల మధ్య జాగా పెంచాలి. తేదీ పక్కన సంవత్సరం తప్పక వేయండి. నిరుటి బొమ్మలు ఈ ఏడూ తిరుగుతుంటాయి. ఎవరి ఆధార్ నంబరూ, పి.పి.ఓ. నంబరూ బొమ్మలో కనబడకూడదు.

పంపేముందు మనలో పెద్ద వయసు వారొకరికి ఫోను చేతికిచ్చి, “గడువెప్పుడండీ?” అని అడగండి. వెంటనే చెప్పలేకపోతే అక్షరాలు పెంచండి. చోటు చాలకపోతే మాటలు తగ్గించండి.