వేడికి దారి చూపడం
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మీరు చేసే పనేమిటో అందరికీ అర్థమయ్యేలా కాసేపు చెప్పండి అన్నారు కార్యదర్శిగారు. విమానాల్లో, ఉపగ్రహాల్లో ఉండే ఎలక్ట్రానిక్ పరికరాలు వేడెక్కి చెడిపోకుండా చూడటం నా పని. రాకెట్ గురించి చెబితే పిల్లలు కళ్లింతలు చేసుకుని వింటారు. కెమెరా గురించైతే అది తీసిన ఫొటోలు చూపించవచ్చు. చల్లబరచడంలో చూపించడానికేమీ ఉండదు. అది సరిగా జరిగినన్నాళ్లూ ఎవరికీ గుర్తురాదు. జరగని రోజున మాత్రం మిగతావాళ్లు పడ్డ కష్టమంతా దానితోపాటే ఆగిపోతుంది. మన దేశానికి సంబంధించిన అలాంటి ఉదాహరణ ఒకటి ఉంది. దాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు కొంచెం పాఠం చెప్పుకోవాలి.

వేడి మూడు విధాలుగా ప్రయాణిస్తుందని మనమంతా ఈ బడిలోనే చదువుకున్నాం. ఉష్ణవహనం, ఉష్ణసంవహనం, ఉష్ణవికిరణం. పొయ్యి మీద పెట్టిన గరిటె కాడ చేతికి చురుక్కుమనడం వహనం. ఎసట్లో నీళ్లు కింద వేడెక్కి పైకి లేవడం సంవహనం. చలిమంటకు నాలుగడుగుల దూరంలో కూర్చున్నా ముఖానికి సెగ తగలడం వికిరణం. నా వృత్తి అంతా ఈ మూడు మాటల్లోనే ఉంది. ఇంజనీరింగ్ కాలేజీలో వీటికి సమీకరణాలు నేర్పారు, అంతే.

ఒక చిప్‌లోకి వెళ్లిన విద్యుత్తు దాదాపు అంతా చివరికి వేడిగానే మారుతుంది. వీడియో కాల్ మాట్లాడేటప్పుడు మీ సెల్‌ఫోను వెచ్చబడేది అందుకే. ఈ వేడిని మాయం చేయడం ఎవరివల్లా కాదు. ఒకచోటి నుంచి ఇంకొకచోటికి పంపగలమంతే. కాబట్టి చల్లబరచడం అంటే చలువను తెచ్చి పోయడం అనుకోకండి. పుట్టిన వేడికి బయటికి పోయే దారి చూపడమే చల్లబరచడం. ఆ దారి చిప్ దగ్గర మొదలై బయటి ప్రపంచం దాకా ఎక్కడా తెగకుండా ఉండాలి. ఈరోజు మీరు గుర్తుంచుకోవాల్సింది ఈ ఒక్క మాటే.

భూమి మీద ఈ పని చాలావరకు గాలి చేసిపెడుతుంది. కంప్యూటర్‌లో చిన్న ఫ్యాను పెడితే సరిపోతుంది. విమానంలో ఆ సౌకర్యం తగ్గిపోతుంది. 11 కిలోమీటర్ల ఎత్తున బయట మైనస్ 56 డిగ్రీలు ఉంటుంది. ఇంత చలిలో చల్లబరచడం ఎంత పని అనిపిస్తుంది. కానీ అక్కడి గాలి సాంద్రత నేల మీద ఉన్నదానిలో మూడో వంతు కూడా ఉండదు. ఫ్యాను అదే వేగంతో తిరిగినా మోసుకుపోయే గాలి తక్కువ, కాబట్టి మోసుకుపోయే వేడీ తక్కువే. పైగా ధ్వనిని మించిన వేగంతో పోతుంటే ఎదురుగాలి నొక్కుకుపోయి విమానాన్నే వేడి చేస్తుంది. కాంకార్డ్ విమానం ధ్వనికి రెండింతల వేగంతో ఎగిరేటప్పుడు దాని ముక్కు కొస 127 డిగ్రీల దాకా వేడెక్కేది. అందుకే యుద్ధవిమానాల్లో రాడార్ లాంటి పరికరాల వేడిని ద్రవాలతో లాగి, చాలాసార్లు ఇంధనంలోకే పంపిస్తారు. వేడెక్కిన ఇంధనం ఎలాగూ ఇంజన్లో కాలిపోతుంది. మంచి ఉపాయమే. అయితే ఇంధనం తరుగుతున్నకొద్దీ వేడిని దాచుకునే చోటు కూడా తరుగుతుంది. ప్రయాణం చివర్లో ఎంత ఇంధనం మిగలాలన్న లెక్కలో ఇదీ చేరుతుంది.

ఉపగ్రహం దగ్గరికి వెళ్తే గాలి అసలే లేదు. మూడింట్లో సంవహనం పోయింది. వేడి లోపల వహనంతో నడిచి, బయటికి వికిరణంతోనే పోవాలి. లోపలి నడక ఎలా ఉంటుందో ఒక లెక్క చూద్దాం. ఇవి ఉదాహరణకు తీసుకున్న అంకెలు. ఒక చిప్‌లో 10 వాట్ల వేడి పుడుతోంది. చిప్ నుంచి దాని పైతొడుగుకు రావడానికి వాట్‌కు ఒకటిన్నర డిగ్రీ, అక్కడి నుంచి లోహపు ఫ్రేముకు ఒక డిగ్రీ, ఫ్రేము నుంచి ఉపగ్రహం పలకకు అర డిగ్రీ తేడా కావాలి. పదితో గుణిస్తే 15, 10, 5. మొత్తం 30 డిగ్రీలు. పలక 40 డిగ్రీల దగ్గర ఉంటే చిప్ 70 దగ్గర ఉంటుంది. ఫిజిక్స్ మాస్టార్లు వెంటనే గుర్తుపడతారు, ఇది ఓమ్ నియమమే. వోల్టేజి బదులు ఉష్ణోగ్రత తేడా, కరెంటు బదులు వేడి ప్రవాహం.

ఇప్పుడు ఫ్రేమును పలకకు బిగించే బోల్టులు కొంచెం వదులుగా ఉన్నాయనుకోండి. ఎంత నునుపు చేసినా రెండు లోహపు ముఖాలు నిజంగా తాకేది అక్కడక్కడ మొనల దగ్గరే. నేల మీద ఆ సందుల్లో గాలైనా ఉంటుంది. అంతరిక్షంలో అదీ లేదు. ఆ ఒక్క అతుకులో వాట్‌కు అర డిగ్రీ కాస్తా మూడు డిగ్రీలైతే చిప్ 95కు పోతుంది. కోట్ల రూపాయల పరికరం బతకడం, చావడం ఒక బోల్టు బిగువు మీద ఆధారపడటం అంటే ఇదే. సందులు పూడ్చడానికి పలచని ఇండియం రేకు, సిలికోన్ పూత లాంటివి వాడతాం. వాటిని ఎంచుకోవడంలోనూ చిక్కుంది. మామూలు గ్రీజు శూన్యంలో మెల్లగా ఆవిరై, పోయి కెమెరా కటకం మీద పేరుకుంటుంది.

వేడి ఎక్కువైనప్పుడు లోహం ఒక్కటే మోయలేదు. అక్కడ హీట్ పైప్ అనే చిన్న అద్భుతం ఉంది. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ దీన్ని రూపొందించి చూపించాడు. ఉపగ్రహాల్లో వాడేది ఎక్కువగా అల్యూమినియం గొట్టం. లోపలి గోడలకు సన్నని గాడులు, కొంచెం అమ్మోనియా, రెండు కొసలూ మూత. వేడి కొసన అమ్మోనియా ఆవిరై, చల్లని కొసకు పోయి, అక్కడ ద్రవమై వేడిని వదిలేస్తుంది. దీపం వత్తి నూనెను లాక్కున్నట్టు ఆ గాడులు ద్రవాన్ని మళ్లీ వేడి కొసకు లాక్కొస్తాయి. ఇడ్లీ పాత్రలో ఆవిరి చేసే పనీ ఇదే. అడుగున మంట దగ్గర వేడిని ఎత్తుకుని, పైన ఇడ్లీకి అప్పజెప్పి, నీటి బొట్టై కిందికి రాలుతుంది. అంతరిక్షంలో కిందికి రాలడమనేది లేదు కాబట్టి ఆ పని గాడులు చేస్తాయి. ఇందులో తమాషా ఏమిటంటే, భూమి మీద దీన్ని పరీక్షించేటప్పుడు గొట్టాన్ని దాదాపు సమతలంగా ఉంచాలి. వేడి కొస కొన్ని మిల్లీమీటర్లు పైకి లేచినా చాలు, గురుత్వాకర్షణ ముందు గాడుల బలం చాలదు.

పంపు పెట్టి ద్రవాన్ని తిప్పవచ్చు కదా అని అడగవచ్చు. పెడతారు, తప్పనిసరైన చోట. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో అమ్మోనియాను పంపులతోనే తిప్పుతారు. 2010 జులై 31న అక్కడి రెండు వలయాల్లో ఒకదాని పంపు ఆగిపోయింది. చాలా పరికరాలను ఆపివేయాల్సి వచ్చింది. డగ్లస్ వీలాక్, ట్రేసీ కాల్డ్‌వెల్ డైసన్ అనే వ్యోమగాములు ఆగస్టులో మూడుసార్లు బయటికి వెళ్లి, సుమారు 350 కిలోల ఆ పంపును మార్చారు. అక్కడ మనుషులున్నారు కాబట్టి మార్చారు. మనిషి లేని ఉపగ్రహంలో మార్చేదెవరు? అందుకే కదిలే భాగం లేని హీట్ పైప్ అంటే మాకు అంత ప్రీతి.

ఇక చివరి మెట్టు వికిరణం. 40 డిగ్రీల దగ్గరున్న చదరపు మీటరు పలక, పూర్తిగా నల్లటి వస్తువులా ప్రవర్తిస్తే, సుమారు 540 వాట్ల వేడిని వెదజల్లుతుంది. కానీ దాని మీద ఎండ పడితే? భూమి దగ్గర అంతరిక్షంలో ఎండ చదరపు మీటరుకు సుమారు 1,360 వాట్లు. నల్ల రంగు వేస్తే పోయేదానికన్నా వచ్చేదే ఎక్కువ. ఇక్కడ మన పల్లెల తెలివి పనికొస్తుంది. వేసవిలో డాబా మీద సున్నం కొడతాం. సున్నం ఎండను తిప్పికొడుతుంది. అదే సమయంలో తన వేడిని కంటికి కనిపించని పరారుణ కిరణాలుగా ఆకాశంలోకి బాగానే వదులుతుంది. ఉపగ్రహం రేడియేటర్ పలకలకు అతికించే, వెనక వెండి పూత ఉన్న గాజు బిళ్లలు చేసేదీ ఇదే. అవి ఎండలో పదో వంతు మాత్రమే పీల్చుకుని, తమ వేడిని ఎనభై శాతం సామర్థ్యంతో వదులుతాయి. లెక్క వేస్తే, నిండు ఎండలో కూడా చదరపు మీటరుకు సుమారు 300 వాట్లు బయటికి పంపగలవు.

ఇప్పుడు ముందు చెప్పిన ఉదాహరణకు వద్దాం. 2008 అక్టోబరు 22న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-1 బయలుదేరింది. నవంబరులో చంద్రుడి చుట్టూ 100 కిలోమీటర్ల ఎత్తున కక్ష్యలో చేరింది. రెండేళ్లు పనిచేయాలని ఉద్దేశం. ఆ నెల చివర్లోనే లోపలి ఉష్ణోగ్రత 50 డిగ్రీల దాకా వెళ్లింది. నౌకను సుమారు 20 డిగ్రీలు తిప్పి, కొన్ని పరికరాలను ఆపి అదుపులోకి తెచ్చారు. 2009లో నక్షత్రాలను చూసి దిశ తెలుసుకునే సెన్సర్లు పనిచేయడం మానేశాయి. మేలో కక్ష్యను 200 కిలోమీటర్లకు పెంచారు. చంద్రుడి వేడి అంచనాకు మించి ఉందని, అందుకే ఎత్తు పెంచాల్సి వచ్చిందని ఇస్రో శాస్త్రవేత్తలే తర్వాత చెప్పారు. ఆగస్టు చివర్లో సంబంధాలు తెగిపోయాయి. రెండేళ్ల ప్రయాణం 312 రోజులకు ముగిసింది.

చంద్రుడి దగ్గర ఎందుకంత కష్టం? అక్కడ గాలీ, మేఘాలూ లేవు కాబట్టి మధ్యాహ్నం నేల దాదాపు 120 డిగ్రీలకు కాగుతుంది. ఆ నేల చదరపు మీటరుకు 1,300 వాట్ల వరకు పరారుణ కిరణాలను పైకి కొడుతుంది. 100 కిలోమీటర్ల ఎత్తున, కిందికి చూసే పలకకు అందులో వెయ్యి వాట్లకు పైగానే తగులుతుంది. భూమి నుంచి వచ్చే సెగ సగటున 240 వాట్లు మాత్రమే. అసలు చిక్కు ఇంకొకటుంది. మన సున్నం కిటుకు ఇక్కడ పనిచేయదు. పరారుణాన్ని బాగా వదిలే ఉపరితలం పరారుణాన్ని బాగా పీల్చుకుంటుంది కూడా. అది ప్రకృతి నియమం. ఎండకు తలుపు మూసి, మన వేడికి తలుపు తీయగలిగాం, ఎందుకంటే అవి రెండూ వేర్వేరు కిరణాలు. చంద్రుడి సెగ మన వేడి లాంటి కిరణమే, అదే తలుపులోంచి లోపలికి వస్తుంది. ఎత్తు రెట్టింపు చేసినా ఆ సెగ పదో వంతే తగ్గుతుంది. కాబట్టి రేడియేటర్‌ను ఎటు తిప్పాలి, కక్ష్య ఏ నెలలో ఎండకు ఎలా ఉంటుంది, ఏ పరికరం ఎప్పుడు ఆగాలి అన్నవన్నీ నేల మీదుండగానే తేల్చుకోవాలి.

చంద్రయాన్-1 విఫలమైందని నేను అనడం లేదు. ఆ కొద్ది నెలల్లోనే అందులోని పరికరం సేకరించిన సమాచారంతో చంద్రుడి మీద నీటి జాడను ప్రపంచం తెలుసుకుంది. అలాగే చంద్రుడి దగ్గర వేడి ఎలా ఉంటుందో మనవాళ్లు స్వయంగా కొలిచి తెలుసుకున్నారు. 2019లో వెళ్లిన చంద్రయాన్-2 ఆర్బిటర్ అదే 100 కిలోమీటర్ల కక్ష్యలో, ఏడాది ఆయుష్షు అనుకుంటే, దాన్ని దాటి ఏళ్ల తరబడి పనిచేసింది. మొదటి నౌక నేర్పిన పాఠానికి ఇంతకన్నా గౌరవం ఏముంటుంది?

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఉష్ణవికిరణం మన పుస్తకాల్లో రెండు పేరాల్లో అయిపోతుంది. పిల్లలు దాన్ని పరీక్ష కోసం బట్టీపట్టి వదిలేస్తారు. దాన్ని చేతికి తగిలేలా చెప్పడానికి పెద్ద ఖర్చక్కర్లేదు. ఒకే రకం రేకు డబ్బాలు మూడు తీసుకోండి. ఒకదానికి సున్నం, ఒకదానికి నల్ల రంగు వేయండి, ఒకదాన్ని మెరిసే రేకుగానే వదిలేయండి. సమానంగా నీళ్లు పోసి ఎండలో పెట్టి, పది నిమిషాలకొకసారి థర్మామీటరుతో కొలిపించండి. తర్వాత మూడింట్లోనూ వేడినీళ్లు పోసి, సాయంత్రం నీడలో పెట్టి, ఏది ముందు చల్లారుతుందో చూపించండి. ఎండలో గెలిచినదే నీడలోనూ గెలుస్తుందా అని ముందుగా పిల్లలతో పందెం కట్టించండి. జవాబు నేను చెప్పను, వాళ్లే చెప్పాలి.

సంఘం పెద్దలకు కూడా ఒక మాట. స్వర్ణోత్సవ గుర్తుగా బడికి ఏమి చేద్దామన్న ఆలోచన వచ్చినప్పుడు, మంచి థర్మామీటర్లు, త్రాసులు, గడియారాలతో సైన్సు గది ఒకటి ఆ జాబితాలో చేర్చండి. రేపు ఈ దేశం పంపే నౌకల్లో వేడికి దారి వెతికేవాళ్లు కావాలి. మొదట డబ్బాలో నీళ్లు కొలిచిన పిల్లలే ఆ పనికి వస్తారు.